కర్రి పిల్లకి సగం కావలి

ఒకప్పుడు మందలో గొర్రెలన్నీ ఒకటే. పైకి కాదర్రా! పైకి ఒకదాని చెవి పొడుగు, ఇంకోదాని తోక పొట్టి. లోపల మాత్రం ఒకటే.

లోపల ఏముంటుందంటారా? కావలివాళ్లు! ఎంత చిన్నవాళ్లంటే, గొర్రె కనురెప్ప వెంట్రుక చివర ఊరు ఊరంతా కాపురం పెట్టేయగలరు. వాళ్లకి కళ్లు లేవు, చేతులే. ఒంట్లోకి ఏది వచ్చినా తడిమి చూస్తారు. పరాయిదైతే పట్టుకుని చితక్కొడతారు. కానీ ఒక్కో కావలివాడి చేతికి కొన్ని ఆకారాలే అందుతాయి. మిగతావి తడి చేతిలో సబ్బుబిళ్లలా జారిపోతాయి.

నేలతల్లి మొట్టమొదట ఒక్కో మందకి ఒక్కో రకం కావలివాళ్లని ఇచ్చింది. తల్లికి ఉన్నవాళ్లే పిల్లకి, ఆ పిల్లకి ఉన్నవాళ్లే దాని పిల్లకి. మార్చాలని ఎవరికీ తోచలేదు.

మంజీర ఏటికి ఇవతలి గట్టున సిద్ధవ్వ మంద ఉండేది. అన్నీ నల్ల గొర్రెలు. ఆ నలుపంటే సిద్ధవ్వకి మహా గర్వం. అవతలి గట్టున పోశాలు అనే ముసలాయన మంద. అన్నీ ఎర్రవి. ఎండాకాలం ఏట్లో నీళ్లు తగ్గితే రెండు మందలూ ఒకే మడుగుకి దిగేవి. అప్పుడు సిద్ధవ్వ కట్టె అడ్డం పట్టుకుని మధ్యలో నిలబడేది.

"ఓ పోశాలు మామా! నీ పొట్టేళ్లను అటే ఆపు. నా మందల ఎర్రపిల్ల పుట్టిందంటే నలుగుట్ల నా ఇజ్జత్ ఏమైతది?"

పోశాలు నవ్వేవాడు. "నీ నలుపు నువ్వే దాసుకో బిడ్డా. నా గొర్లేం నీ ఇంటికి సంబంధానికి వస్తలేవు."

ఒక ఎండాకాలం సుడిగాలి దుమ్ములో తెగులు వచ్చింది. భయం భయంగా ఒక నల్లగొర్రెలోకి దూరింది. కావలివాళ్లు తడిమారు. అందలేదు, జారిపోయింది. "అరె! నన్నెవరూ పట్టుకోరే!" అని ఇంకో గొర్రెలోకి వెళ్లింది. అక్కడా అవే చేతులు. ఆ పక్కదాంట్లోనూ అవే. ఇక చూడాలి దాని సంబరం! "ఒక్క ఇంట్లో దారి తెలిసింది, ఊరంతా నాదే!" అంటూ ఎగురుకుంటూ పోయింది.

నల్లగొర్రెలు మేత మానేశాయి. మోకాళ్ల మీద కూలబడ్డాయి, మళ్లీ లేవలేదు. సిద్ధవ్వ వేపాకు పొగ వేసింది. ఒక్కోదాని మూతి ఒళ్లో పెట్టుకుని గంజి తాగించింది. అయినా సగం మంద పోయింది. ఆమె ఏడుపు అవతలి గట్టుకి వినిపించింది.

తెగులు ఏరు దాటి ఎర్రమందలోకీ వెళ్లింది. అడుగు పెట్టిందో లేదో, అక్కడి కావలివాళ్లు మెడ పట్టుకున్నారు. ఏ గొర్రెలో దూరినా అంతే. బతుకు జీవుడా అని ఇవతలికి పారిపోయి వచ్చింది.

నల్లమందలో కర్రి అనే ఆడగొర్రెకి ఇంకా తెగులు అంటలేదు. అవతల ఎర్రగొర్రెలు హాయిగా మేయడం చూసింది. నేలకి మూతి ఆనించి పిలిచింది.

"అమ్మా! నాకు పుట్టబోయే పిల్లకి ఆ ఎర్రమంద కావలివాళ్లని ఇవ్వు. నావాళ్లు ఒట్టి చేతగానివాళ్లు."

నేల కాస్త కదిలింది. "చేతగానివాళ్లు కాదు కర్రీ. వాళ్లు పట్టే దొంగలు వేరే. నీకు తెలియకుండా ఎందరిని పట్టారో! నువ్వు ఎర్ర పొట్టేలుతో జతకడితే, నీ పిల్లకి నీవాళ్లు సగం, వాడివాళ్లు సగం వచ్చేలా చేస్తాను."

"సగమెందుకమ్మా? ఇద్దరివాళ్లనీ మొత్తం ఇచ్చెయ్యి."

"ఇల్లంతా కావలివాళ్లతో నింపేస్తే ఇంటివాళ్లనే దొంగలనుకుని కొడతారు. సగం సగమే."

"అయితే నేను తట్టుకున్న జబ్బుకి నా పిల్ల పడిపోవచ్చా?"

"పడిపోవచ్చు."

"ఏ సగం వస్తుందో, ఏ పిల్ల బతుకుతుందో ముందే చెప్పవా తల్లీ?"

"నాకే తెలియదు" అంది నేలతల్లి. "పుట్టిన ప్రతి పిల్లనీ నేను కూడా వింతగా చూడాల్సిందే. ఒక్కటి మాత్రం చెప్పగలను. అందరూ ఒక్కసారే పోరు. నువ్వు ఒప్పుకుంటే ఇక అందరికీ ఇదే కట్టడి."

కన్నబిడ్డకి తన రక్షణంతా ఇవ్వకూడదట! ఏ తల్లి ఒప్పుకుంటుంది? కానీ కర్రి తన చుట్టూ పడి ఉన్న అక్కచెల్లెళ్లని చూసింది. ఏడుస్తూనే "సరేనమ్మా" అంది.

అని ఏట్లోకి దూకింది. గొర్రెల సంగతి తెలిసిందేగా, మిగిలినవన్నీ దాని వెనకే దూకాయి. సిద్ధవ్వ పరిగెత్తుకొచ్చి, అలవాటు కొద్దీ కట్టె అడ్డం పెట్టింది. ఎదురుగా కర్రి కళ్లు చూసింది. కట్టెని నీళ్లలోకి విసిరేసింది.

"మామా! నా గొర్లను నీ మంద నడుమ నిలవెట్టుకుంటవా? ఎర్రవే పుట్టనీ, మచ్చలవే పుట్టనీ. బతికితే సాలు!"

పోశాలు ఈసారి నవ్వలేదు. "తోలుకరా బిడ్డా. సుట్టూత నావి ఉంటయి. తెగులు ఎట్లొస్తదో సూద్దాం."

తెగులు వచ్చింది. ఏ పక్క నుంచి వచ్చినా ముందు ఎర్రగొర్రెలే తగిలాయి. పట్టుబడి, దెబ్బలు తిని, కర్రి దాకా రాలేక అడవిలోకి పోయింది.

కర్రి ఒక ఎర్ర పొట్టేలుతో జతకట్టింది, నెలలు నిండాక పిల్ల పుట్టింది. సగం నలుపు, సగం ఎరుపు. "ఏందే ఇది, మాడిన రొట్టె లెక్కున్నది!" అని సిద్ధవ్వ దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. ఆ ఏడు పుట్టిన ఏ పిల్లా ఇంకో పిల్లలా లేదు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. తెగులు తిరిగి వచ్చింది. ఒంటరిగా కాదు, చెల్లెల్ని వెంటబెట్టుకుని. చెల్లెలు ఎర్రమంద మీద పడింది. ఎర్ర కావలివాళ్ల చేతికి అది అందలేదు. పిల్ల తండ్రి ఎర్ర పొట్టేలు కూలిపోయింది. చుట్టూ ఉన్న ఎర్రగొర్రెల వరస విరిగిపోయింది. ఆ సందులోంచి అక్క వచ్చి కర్రిని పట్టుకుంది.

కర్రి మోకాళ్ల మీద పడింది. తల తిప్పి పిల్లని చూసింది. తెగులూ చెల్లెలూ ఒకేసారి ఆ పిల్లలోకి దూరుతున్నాయి!

లోపల తండ్రి ఇచ్చిన కావలివాళ్లు అక్కని పట్టుకున్నారు. చెల్లెల్ని ఎవరు పట్టుకున్నారనుకున్నారు? కర్రి ఇచ్చినవాళ్లు! చేతగానివాళ్లని తను తిట్టినవాళ్లే! పిల్ల ఒక్కసారి తుమ్మి, చెవులు విదిల్చి, అమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది.

అన్ని పిల్లలకీ అంత అదృష్టం కలగలేదు. కొన్నిటికి వేరే సగాలు వచ్చాయి. కొన్ని మూలిగి లేచాయి, కొన్ని లేవలేదు. కానీ ఏ ఇంట్లో ఏ చేతులున్నాయో తెలియక తెగుళ్లకి తల తిరిగిపోయింది. "ఇదేం మంద! ఒక ఇంటి దారి పక్కింటికి పనికిరాదు!" అని తిట్టుకుంటూ వెళ్లిపోయాయి.

కర్రి తన పిల్ల ముఖాన్ని ఒకసారి నాకింది. "నేను ఇంత గొప్పవాళ్లని మోశానా!" అని ఆశ్చర్యపోతూ కళ్లు మూసుకుంది. సిద్ధవ్వ దాని పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పటినుంచే ఏ తల్లీ తన కావలంతా బిడ్డకి ఇవ్వదు, సగమే ఇస్తుంది. అప్పటినుంచే ఒకే కంచంలో తిన్న అక్కకి జ్వరం వస్తే తమ్ముడు వీధిలో గెంతుతూ ఉంటాడు. ఇవాళ్టికీ ఎంత పెద్ద తెగులు వచ్చినా, వెళ్లి చూడండి, పడిపోయిన వాటి మధ్య ఏదో ఒక గొర్రె నిలబడి మేస్తూనే ఉంటుంది.