మూడు చుక్కల పాళీ

ఒక ఊళ్లో ఒకే ఒక్క కమ్మరి ఉండేవాడు. అందుకని ఆ ఊళ్లో ఏ ఇనుప వస్తువు తీసి చూసినా దాని మీద అతని గుర్తు కనిపించేది. మూడు చిన్న చుక్కలు, అంతే. కొడవలికీ అవే, కత్తిపీటకీ అవే, మంగలి కత్తికీ అవే.

ఒక సంతరోజు సాయంత్రం గొడ్ల బేరగాణ్ణి ఎవరో దారికాచి చంపేశారు. శవం పక్కన కత్తి దొరికింది. దాని పిడి దగ్గర మూడు చుక్కలున్నాయి. ఇంకేం కావాలి? భటులు తిన్నగా కొలిమి దగ్గరికి వెళ్లారు. నిప్పుల్లో ఉన్న నాగటి కర్రును నిప్పుల్లోనే వదిలేయించి కమ్మరిని పట్టుకుపోయారు. ఆ కత్తి కొన్నవాడెవడని వాళ్లు అడగలేదు. అడిగితే వాణ్ణి వెతకాల్సి వస్తుంది మరి.

ఆ ఊరి కోర్టులో నేరాలు విచారించడానికి ఒక న్యాయాధికారి ఉండేవాడు. ఆయన చెడ్డవాడంటే నేనొప్పుకోను. లంచం ముట్టడు, వేళ తప్పడు, ఎవరి సిఫారసూ వినడు. ఆ మాటకొస్తే ఎవరి మాటా వినడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. నాలుగో కాలు మీరు చేతికిచ్చి చూపించినా, ఇది తోక అయ్యుంటుంది అనేవాడు.

ఆయన పక్కన ఒక గుమాస్తా కూర్చునేవాడు. న్యాయాధికారి "రాసుకో" అంటేనే ఆ గుమాస్తా కలం కదిలేది. అననిది ఆ గదిలో జరగనట్టే.

విచారణ మొదలైంది.

"ఈ కత్తి చేసింది నువ్వేనా?" అన్నాడు న్యాయాధికారి.

"నేనేనయ్యా. కానీ..."

"రాసుకో."

గుమాస్తా 'నేనే' అని రాసుకున్నాడు. 'కానీ' దగ్గర కలం పైకి లేచిపోయింది.

"అయ్యా, ఊళ్లో కత్తులన్నీ నేనే చేశానయ్యా. కొన్నవాళ్లు దాంతో ఏం చేస్తారో నాకెట్టా తెలుస్తుంది? పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూడాలి గానీ..."

"అడిగినదానికి సమాధానం చెప్పు."

"అదేగదయ్యా చెబుతున్నాను."

"అడగనిది చెబుతున్నావు. వాయిదా."

పదకొండు నెలలు ఇదే తంతు. కమ్మరి ఆ ఒక్క ముక్కనే ముప్పై తొమ్మిది సార్లు మనవి చేసుకున్నాడు. నిలబడి చెప్పాడు, వంగి చెప్పాడు, ఏడ్చి చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అతను మొత్తుకుంటున్నంతసేపూ న్యాయాధికారి తాంబూలానికి వక్క కత్తిరించుకుంటూ ఉండేవాడు. ఆ అడకత్తెర మీద కూడా మూడు చుక్కలున్నాయి. ఆయన బొటనవేలు సరిగ్గా వాటి మీదే ఉండేది. ఈ కథ చెబుతున్న నాకే ఒళ్లు మండుతోంది, ఇక ఆ బోనులో ఉన్నవాడి సంగతి మీరే ఊహించుకోండి.

ఈలోపు తొలకరి వచ్చింది. ఊళ్లో కర్రులన్నీ మొద్దుబారి ఉన్నాయి. రైతులు ఆరిపోయిన కొలిమి దాకా వచ్చి, కాసేపు నిలబడి, కమ్మరిని తిట్టాలో కోర్టును తిట్టాలో తెలియక వానను తిట్టి వెళ్లేవాళ్లు. కమ్మరి భార్య ప్రతి వాయిదాకూ అంబలి ముంత పట్టుకొచ్చి కోర్టు వసారాలో కూర్చునేది.

"ఇవాళైనా వదుల్తారా అన్నా?" అని బంట్రోతును అడిగేది.

"ఏమోనమ్మా, లోపల ఇంకా కత్తి సంగతే నడుస్తోంది," అనేవాడు బంట్రోతు.

చివరికి తీర్పు రోజు వచ్చింది. న్యాయాధికారి స్వయంగా రాసి, నిలబడి చదివాడు.

"పనిముట్టు మీద ఎవరి గుర్తు ఉంటే, ఆ పనిముట్టు చేసిన పని వారిదే. కత్తి మీద గుర్తు ఈ కమ్మరిది. కనుక హత్య ఇతనిదే. ఇతన్ని ఉరి తీయాలి."

వసారాలో అంబలి ముంత దొర్లిన చప్పుడైంది.

ఆ రాజ్యంలో పాత ఆచారం ఒకటుంది. ఉరిశిక్ష రాసిన పాళీని అక్కడికక్కడే విరగ్గొట్టాలి. దాంతో మరో మాట రాయకూడదని పెద్దలు పెట్టారట. పాళీ విరిగితేనే తీర్పు అమల్లోకి వస్తుంది. నాలుగైదేళ్లుగా ఆ కోర్టులో ఉరిశిక్ష పడలేదు.

న్యాయాధికారి కూర్చుని పాళీని బల్లకేసి నొక్కాడు. అది వంగింది. చెయ్యి తీయగానే మళ్లీ లేచింది. ఇంకా గట్టిగా నొక్కాడు. ఈసారి అది ఎగిరి ఆయన ఒళ్లో పడింది.

"బంట్రోతూ!"

బంట్రోతు బూటుకాలితో తొక్కాడు. మెలితిప్పాడు. పళ్ల మధ్య పెట్టి కొరికాడు, పన్ను కదిలింది. సుత్తి కోసం వసారాలో ఉన్న కమ్మరి భార్య దగ్గరికి పరుగెత్తాడు, ఎందుకంటే ఊళ్లో సుత్తి అన్నది కమ్మరి ఇంట్లోనే ఉంది.

"అమ్మా, మీ సుత్తి ఒకసారి ఇస్తావా?"

"ఎందుకు?"

బంట్రోతు తల వంచుకుని, "పాళీ విరక్కొట్టాలంట," అన్నాడు.

"నా మొగుణ్ణి ఉరి తీయడానికి నా ఇంటి సుత్తే కావాల్సొచ్చిందా?" అంది ఆమె. "ఇవ్వను. ఏం చేస్తారో చేసుకోండి."

బంట్రోతు ఎదురుగా ఉన్న పూటకూళ్లింటికి పోయి రుబ్బురోటి పొత్రం మోసుకొచ్చాడు. పాళీని బల్ల మీద పెట్టి పొత్రంతో మూడు దెబ్బలు కొట్టాడు. మూడో దెబ్బకు బల్ల నెర్రె విచ్చింది. పాళీ మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది.

న్యాయాధికారి చెమట తుడుచుకున్నాడు. ఆయన కళ్లు బోను మీద పడ్డాయి.

"నువ్వు కమ్మరివి కదా! ఇనుము సంగతి నీకు తెలుసు. నువ్వే విరగ్గొట్టు."

బంట్రోతు పాళీని తెచ్చి కమ్మరి చేతిలో పెట్టి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. కమ్మరి దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు. పదకొండు నెలల్లో మొదటిసారి నవ్వాడు.

"ఇది విరగదయ్యా. మూడేళ్ల కింద, తీర్పుల మధ్యలో పాళీలు విరిగిపోతున్నాయి, విరగనిదొకటి చేయమని మీరే బంట్రోతుతో చెప్పించారు. పాత రంపం ముక్కతో చేశాను. కాల్చి నీళ్లలో ముంచే పదును ఎక్కువైతే విరుగుద్ది, తక్కువైతే వంగిపోద్ది. మీ పని గదా అని సరిగ్గా కుదిరిందాకా నాలుగు రోజులు కూర్చున్నాను. ఇవిగో, నా చుక్కలు."

"అయితే ఏమిటి?"

"మరైతే ఈ తీర్పు నేనే రాసినట్టా అయ్యా?"

"ఏం వాగుతున్నావు?"

"పనిముట్టు మీద గుర్తు ఎవరిదైతే పని వాళ్లదేనని ఇప్పుడే గదా చదివారు. పాళీ మీద గుర్తు నాది. నాకు ఓనమాలు కూడా రావు. అయినా నా ఉరి నేనే రాసేసుకున్నాను. తమరు ఉత్తపుణ్యానికి శ్రమపడ్డారు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అది పక్కవాడికి అంటుకుని గది చివరిదాకా పాకింది. ముప్పై ఏళ్లుగా ఆ కుర్చీలో తీర్పులు రాసిన మనిషి, ఆ తీర్పు ఆయనది కాదని ఒక కమ్మరి అంటే ఎలా ఊరుకుంటాడు? కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

"నోర్ముయ్! ఈ తీర్పు రాసింది నేను! ప్రతి అక్షరం నాది! పాళీ ఎవడు చేస్తే ఏమిటి? పట్టుకున్న చెయ్యి ఎవరిది? చెయ్యి నాది!"

నవ్వులు ఆగిపోయాయి.

కమ్మరి పాళీని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి చేతులు జోడించాడు.

"అదేనయ్యా," అన్నాడు. "ముప్పై తొమ్మిది సార్లు నేను మనవి చేసుకున్నది కూడా అదే."

అలవాటు కొద్దీ న్యాయాధికారి చెయ్యి అడకత్తెర మీదికి పోయింది. దాన్ని తీసుకున్నాడు, ఎందుకో బొటనవేలు పక్కకు జరిపి చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని వక్కల పెట్టె పక్కన పెట్టేశాడు. గుమ్మంలో కమ్మరి భార్య కొంగు పళ్లతో బిగబట్టి నిలబడి ఉంది.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఇప్పుడు తమరన్నది... రాసుకోమంటారా?"

న్యాయాధికారి నెర్రె విచ్చిన బల్ల వంక చూశాడు. దాని మీద పాళీ నిక్షేపంగా ఉంది, మొనకు ఇంకా సిరా తడి ఉంది.

"ముందు ఆ పొత్రం ఎవరిది వాళ్లకిచ్చి రమ్మను," అని ఆయన కొత్త కాగితం తీసి, సిరాబుడ్డిని తన దగ్గరికి లాక్కున్నాడు.