బోర్లించిన కుండకు మూత

మా భావనారాయణ స్వామివారికి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్న ఎంత పెద్దదైతే ఆయనకు అంత ఆకలి వేస్తుంది. ఆత్మ అంటే ఏమిటని అడిగినవాడు కూర్చుని పనసతొనలు ఒలిచిపెట్టాడు. మాయ ఎక్కడ మొదలైందని అడిగినవాడు ఊళ్ళోకి పోయి బెల్లం గారెలు మోసుకొచ్చాడు. వాళ్ళకు ఏం సమాధానాలు దొరికాయో వాళ్ళనే అడగాలి. గారెలు మాత్రం బాగున్నాయి.

అందుచేత, త్రినాథరావుగారు గోదావరి దాటి మా లంకలోని ఆశ్రమానికి వచ్చి, స్వామివారి ముందు చతికిలబడి నిట్టూర్చగానే, ఏదో ఫలహారం రాబోతోందని శిష్యులందరికీ అర్థమైపోయింది.

త్రినాథరావుగారు తినుబండారాల వ్యాపారాలకు అనుమతులిచ్చే ఆఫీసుకు పెద్ద. చాలా మంచివారు. ఆ మంచితనమే ఆయనకున్న జబ్బు. నిబంధనలు తగ్గించండి, చిన్న వ్యాపారుల నెత్తిన బరువు దించండి అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆనాటి నుంచీ ఆయన ఎర్ర పెన్సిలు చెక్కుతూనే ఉన్నారు. పెన్సిలు సగమైంది గానీ గీత ఒక్కటీ పడలేదు.

“ఏది కొట్టేయమంటారు స్వామీ? ప్రతి నిబంధన వెనకా ఎవరిదో ఒకరి కడుపునొప్పి ఉంది. వంటపాత్రకు మూత ఉండాలన్నదే తీసుకోండి. ఎప్పుడో ఒక హాస్టల్లో సాంబారులో బల్లి పడి, పిల్లలు ఆస్పత్రి పాలైతే పుట్టిందది. కొట్టేశాక మళ్ళీ బల్లి పడితే నా మెడకు చుట్టుకుంటుంది. కొట్టేయకపోతే వ్యాపారుల ఉసురు తగులుతుంది. ఏది ఉంచాలో, ఏది తీయాలో తెలిసే ఉపాయం చెప్పండి. నాకు అన్నం సయించడం లేదు.”

స్వామివారు శ్రద్ధగా విన్నారు. కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి తెరిచారు.

“పూతరేకులు తిని ఎన్నాళ్ళయిందిరా, త్రినాథా!” అన్నారు.

వాళ్ళిద్దరి వెనకే నేనూ బయల్దేరాను. గట్టు దిగితే అచ్చాయమ్మ పాక. పూతరేకులు చెయ్యడంలో ఆ లంకలో ఆమె తరువాతే ఎవరైనా. చూడనివారికి చెప్పాలి గనక చెబుతున్నాను. రేకుల కుండను పొయ్యి మీద పెట్టరు, బోర్లిస్తారు. కుండ పొట్టకు కోసిన కంతలోంచి కొబ్బరాకులు ఎగదోసి లోపలే మంట పెడతారు. పలచటి బియ్యప్పిండిలో తడిపిన గుడ్డను కుండ వీపు మీద ఇలా పరిచి అలా తీస్తే, ఉల్లిపొరలాంటి రేకు విచ్చుకుంటుంది. అంతే పని. అంతే అని మనం అంటాం గానీ, చేతులు కాలేది వాళ్ళకి.

ఆ పూట పాకలో పొగ లేదు. అచ్చాయమ్మతో పనిచేసే నలుగురు ఆడవాళ్ళూ గట్టు మీద ఉత్తచేతులతో కూర్చుని ఉన్నారు.

“ఏమ్మా, పొయ్యి అలిగిందా?” అన్నారు స్వామివారు.

“ఆయ్, పొయ్యి కాదండి, ఆఫీసు అలిగింది” అంది అచ్చాయమ్మ, ఇద్దరికీ పీటలు వేస్తూ. “కుండకి మూతేదన్నారండి. ఉన్న మూత తెచ్చి పెట్టాను. మళ్ళీ వచ్చి, మూత సరిగ్గా కూర్చోలేదన్నారు. బోర్లించిన కుండ మీద మూతేం కూచుంటాదండీ, జారిపోద్ది గానీ! కుండ లోపల మసి కూడా కడగమన్నారు. లోపలున్నది మంట కదండీ, కడిగితే ఆరిపోదూ? ఇవన్నీ కుదిరేదాకా అనుమతి లేదు, పొయ్యి వెలిగించొద్దన్నారు. ఆదివారం పెళ్ళికి రేకులు ఒప్పుకున్నానండి. రేపటికి మొదలెట్టకపోతే పెళ్ళివారు వేరేచోట చెప్పుకుంటామన్నారు. ఈ పెళ్ళి చేజారితే అచ్చాయమ్మ మాట తప్పిందంటారు. ఇంక నా గుమ్మం తొక్కేదెవరు? ఇవాళైనా కాగితం వస్తాదేమోనని పొద్దున్నే పిండి కూడా రుబ్బేసుకున్నాను.”

త్రినాథరావుగారు నేల చూపులు చూశారు. ఆశ్రమానికని పంచె కట్టుకొచ్చారు గనక ఆయనెవరో ఆమెకు తెలియదు. స్వామివారు చెప్పే ప్రయత్నమూ చేయలేదు.

“ఆ ఆఫీసులో ఓ పెద్దాయనున్నాడంటండి” అని అందుకుంది ఆమె. “వాళ్ళింట్లో దోసెల పెనానికి కూడా మూతేసి, దాని మీద తాళం కప్ప వేయిస్తాడేమో మహానుభావుడు!”

“అంత పని చేస్తావుట్రా?” అని స్వామివారు పక్కకు తిరిగి అడిగారు.

అచ్చాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. త్రినాథరావుగారు ఎర్రబడ్డారు. ఒక్క మాట మాత్రం ఆయన తరఫునా చెప్పుకోవాలి: కోపం తెచ్చుకోలేదు.

“పొయ్యి వెలిగించమ్మా. పూచీ నాది. బల్లి పడకూడదనే ఈ మూత. అది ఎందుకు కుదరదో నేనే చూస్తాను” అని పంచె ఎగ్గట్టి కుండ ముందు కూర్చున్నారు.

మంట అందుకుంది. అచ్చాయమ్మ గుడ్డ పరిచి తీసింది. రేకు ఇంకా కుండ మీద ఉండగానే త్రినాథరావుగారు మూత బోర్లించి, జారకుండా రెండు చేతులా అదిమి పట్టుకున్నారు. తీసి చూస్తే రేకు చెమటపట్టి ముద్దై కుండకు అంటుకుపోయింది. ఆయన పట్టు వదల్లేదు. ఇంకొకటి వేయించారు. అదీ ముద్దే. గట్టు మీది ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కుని నవ్వుతున్నారు.

“బాబుగారూ, దీని మీద బల్లి పడితే మీ మూత కోసం ఆగదండి. అదే గెంతి పోద్ది” అంది ఒకావిడ.

సరిగ్గా అప్పుడే గోదారి గాలి ఒక విసురు విసిరింది. కంతలోంచి కొబ్బరాకు బూడిద గుప్పున లేచింది. లేచింది లేచినట్టు పక్కనున్న పిండి గిన్నె మీదికి పోయింది.

“మూత! మూత!” అని కేకపెట్టింది అచ్చాయమ్మ.

మూత త్రినాథరావుగారి చేతిలోనే ఉంది, కుండ వీపు మీద మూడో రేకును అదుముతూ. ఆయన ఒక్క ఉదుటున లేచారు. పంచె కాళ్ళకు అడ్డం పడినా ఆగకుండా వెళ్ళి గిన్నె మీద మూత వేశారు. అది అచ్చుకు పోసినట్టు కూర్చుంది. అప్పటికే సగం బూడిద లోపలికి వెళ్ళింది.

ఆయన మూత మీద చెయ్యి తీయకుండానే దాని అంచు చుట్టూ వేలితో తడిమి చూశారు.

“ఇది దేని మూతమ్మా?” అన్నారు.

“ఆ గిన్నెదేనండి. మా అమ్మ నాటి నుంచీ దాని మీదే ఉండేది. మీవాళ్ళు కుండకి కావాలంటేనే అటు పెట్టాం.”

త్రినాథరావుగారు బూడిద పడిన పిండి పారబోయించి, గిన్నె తానే తోముతానని మొదలుపెట్టారు గానీ, అచ్చాయమ్మ లాక్కుంది. ఇలాంటి కుండకు మూతా, లోపలి మసీ పట్టింపు లేదనీ, పిండి గిన్నెకు మాత్రం మూత తప్పదనీ ఆ పాకలోనే మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసి, సంతకం చేసి ఇచ్చారు. గట్టు మీది ఆడవాళ్ళు కొంగులు బిగించి దిగారు. నానబోసి ఉన్న మిగతా బియ్యం మళ్ళీ రుబ్బారు. మధ్యాహ్నం తిరిగేసరికి రేకులు తెల్లగా దొంతరలు కట్టాయి. అచ్చాయమ్మ పెళ్ళివారికి ఫోన్ చేసి, “ఆదివారం పొద్దున్నే మీ గుమ్మంలో ఉంటాయండి” అని, ఫోన్ పెట్టేసి, అక్కడే కూలబడి కళ్ళు తుడుచుకుంది. తరువాత తొలి వాయి మాకే పెట్టింది. త్రినాథరావుగారు ఎన్ని తిన్నారో నేను లెక్కపెట్టలేదు. స్వామివారు మాత్రం లెక్కపెడుతున్నట్టే ఓరగా చూశారు.

తిరిగి గట్టు ఎక్కుతుండగా పాత భయం త్రినాథరావుగారి భుజం తట్టినట్టుంది. ఆయన ఆగారు.

“స్వామీ, ఈ కుండ సంగతి తేలింది. మిగతావి అలాగే ఉన్నాయి. ఏది తీయాలో, ఏది ఉంచాలో మీరింకా చెప్పనేలేదు.”

స్వామివారు గడ్డానికి అంటిన చక్కెర దులుపుకున్నారు.

“ఇందాక మూత కుండ మీంచి తీసి గిన్నె దగ్గరికి పరిగెత్తావు చూడు, అప్పుడు నన్ను అడిగావుట్రా?”