ఎర్రమెట్ట తేటమ్మ తల్లి, రెండు కలలు

ఎర్రమెట్ట గ్రావెల్ క్వారీ దగ్గర బస్సు దిగిన భక్తులు మొదట గోపురం కోసం వెతుకుతారు. అది ఉండదు. కనిపించేది తవ్విన గట్టు, దాని వాలంతా వట్టివేరు దుబ్బులు, కింద ఒకదాని తరువాత ఒకటిగా రెండు మడుగులు, వాటి నడుమ రేకుల కప్పు కింద కూర్చున్న మట్టి అమ్మవారు. పక్కనే టిప్పర్లు టార్పాలిన్ పట్టాలు కప్పుకుని పోతుంటాయి. ట్యాంకరు పొద్దున్నే వచ్చి బాట తడిపి వెళ్తుంది. దారి తప్పామేమోనని వెనక్కి తిరిగినవారూ ఉన్నారు. తప్పలేదు, తేటమ్మ తల్లి సన్నిధి ఇదే.

ఈ చిన్న పుస్తకం రాయమని కమిటీవారు నాకు పురమాయించారు. పై ఊరు మెట్టవలసలో ఒక కథ చెప్పారు. కింది ఊరు పల్లపాలెంలో ఇంకో కథ చెప్పారు. రెండూ విన్నాక నా బుర్ర తిరిగిపోయింది. తేలినంతవరకు రాస్తున్నాను, తేలనిది అమ్మవారికే వదిలేస్తున్నాను.

పూర్వం ఇక్కడ గట్టంతా తుప్పలతో నిండి ఉండేది. రేవుదాకా బండ్ల బాట వేయాలని జమీందారుగారు తలపెట్టి, గ్రావెల్ తవ్వించే పనిని గవరయ్య మేస్త్రికి అప్పగించారు. గవరయ్య మంచివాడే కానీ వట్టి తొందర మనిషి. తుప్పలన్నీ ఒక్కసారే కొట్టించేశాడు. ఎండల్లో బండి కదిలితే చాలు, ఎర్రదుమ్ము లేచి అన్నం కుండల్లోనూ పశువుల కళ్ళల్లోనూ పడేది. వానల్లో గుంటలో నీళ్ళు నిలిచి బండ్లు దిగబడేవి. అందుకని ఆయన గుంట నుంచి పల్లానికి తిన్నగా ఒక కాలువ కొట్టించి, దాన్ని చూసుకుని మురిసిపోయాడు.

ఆ కాలువ దిగే చోటే సూరీడమ్మ మడి ఉంది. ఇద్దరు పిల్లలతో ఆ మడినే నమ్ముకున్న మనిషి ఆమె. ఆ ఏడు నారు పోస్తే ఎర్రబురద వచ్చి కప్పేసింది. మళ్ళీ పోస్తే మళ్ళీ కప్పేసింది. ఇక ఇంట్లో మిగిలిన విత్తనం కుంచెడు. అదీ పోతే పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరు విడిచి పోవడమే. పాపం, మడి అంచున చేతనైనంత మట్టి అడ్డు వేసుకుని మేస్త్రి దగ్గరకు పరుగెత్తింది.

“నీ నీలు నువ్వే ఆపుకో మేస్త్రిబావు, నా పిల్లలు బతకాల” అని మొత్తుకుంది.

“ఆపితే నా బళ్ళు మునిగిపోతాయమ్మా. జమీందారుగారికి నానేటి సెప్పాల?” అన్నాడు ఆయన.

ఇద్దరిదీ న్యాయమే. ఏమీ తోచక ఇద్దరూ గట్టు మీది పేరులేని రాతి అమ్మవారికి వేరువేరుగా మొక్కుకున్నారు. మర్నాటి తెల్లవారుజామున ఇద్దరికీ కల వచ్చింది. కనురెప్పల దాకా ఎర్రదుమ్ము పట్టిన ఒక పెద్దావిడ కనిపించి, గవరయ్యతో “నీళ్ళు వదలకు” అంది. సూరీడమ్మతో “నీళ్ళు ఆపకు” అంది.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఎవరికి అనుకూలమైన కల వారికి వచ్చి ఉంటే, ఒకరినొకరు అబద్ధాలకోరులని తిట్టుకుని ఊరుకునేవారు. కానీ ఎవరికి నష్టం కలిగించే కల వారికే వచ్చింది. తన కొంప ముంచే మాటను కలలో విన్నానని ఎవరైనా అబద్ధం చెబుతారా?

“అమ్మోరు గుమ్మాలు తప్పిపోనాది బావు. నా కల నీ ఇంటికొచ్చింది, నీది నా ఇంటికొచ్చింది” అని తేల్చింది సూరీడమ్మ. గవరయ్యకూ అదే నిజమనిపించింది. అయినా అమ్మవారి మాట ఎవరి చెవిన పడితే వారే చేయాలి కదా! ఆయన కాలువ మూతికి గ్రావెల్‌తో కట్ట వేయించాడు. ఆమె చివరి విత్తనం చల్లి, కళ్ళు తుడుచుకుంటూ తాను వేసుకున్న అడ్డును తానే తెగ్గొట్టింది.

వాన పట్టుకుంది. గుంట నిండి బండ్లు ఆగిపోయాయి. కట్ట చెమ్మగిల్లి ఊటలు వేయసాగింది. అది తెగితే నారే కాదు, మడి ఆనవాలు కూడా మిగలదు. వాన తెరపి ఇచ్చాక సూరీడమ్మ గట్టెక్కి వచ్చేసరికి గవరయ్య పార పట్టుకుని కట్ట మీద నిలబడి ఉన్నాడు. కొట్టాలో మానాలో తెలియక పార ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. కట్ట కొట్టమంటే బురద వస్తుంది, వద్దంటే కట్టే తెగి వస్తుంది. ఆమె గుంట ఒడ్డున కూర్చుని, మొహం కడుక్కుందామని గుంట నీళ్ళలో చేయి పెట్టింది.

నీళ్ళలో ఆమె గాజులు కనిపించాయి.

ఎర్రనీళ్ళలో పెట్టిన చేయి ఎన్నడూ కనిపించి ఎరగదు. ఇప్పుడు మట్టంతా అడుక్కి దిగిపోయి, పైన నీరు తేరుకుంది. “పైపైన వొగ్గు బావు, పైపైనే!” అని ఆమె అరిచింది. గవరయ్య కట్ట పై అంచున చిన్న గండి పెట్టి, అది కోసుకుపోకుండా రాళ్ళు పరిచాడు. తేటనీరు రాళ్ళ మీదుగా జారి, ఆమె తెరిచి ఉంచిన మడిలోకి నడిచింది. నారు నిలిచింది.

రాతి అమ్మవారు ఆ వానల్లో ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఎండలు వచ్చాక గుంట అడుగున పేరుకున్న మెత్తటి మట్టితో ఇద్దరూ కలిసి కొత్త అమ్మవారిని చేసి, తేటమ్మ అని పిలుచుకున్నారు. ఆ గుంటకు దిగువన రెండో మడుగు తవ్వించిందీ, వాలు మీద వట్టివేరు నాటించిందీ, బండ్ల మీద తాటాకు చాపలు కప్పించిందీ గవరయ్యే.

నేటికీ తొలకరికి ముందు రెండు ఊళ్ళవారూ కలిసి మడుగుల్లో పూడిక తీస్తారు. మొదటి తట్ట మట్టి అమ్మవారికి, మిగిలినది వాలుకు. భక్తులు కొబ్బరికాయకు బదులు ఒక వట్టివేరు దుబ్బు తెచ్చి నాటుతారు, ఒక కుండ తేటనీరు బాట మీద చల్లుతారు. అలా చేసినవారి ఇంట పంట మునగదని, కంట నలుసు పడదని నమ్మకం. అమ్మవారి మొహం గట్టువైపు ఉండాలా, పల్లంవైపు ఉండాలా అన్న తగువు మాత్రం ఏటేటా జరుగుతూనే ఉంది.

పట్టుకోవాలో వదలాలో తెలియక వచ్చేవారే ఇక్కడ ఎక్కువ. పూజ చేసేది సూరీడమ్మ వంశంలోని సన్నెమ్మగారు. రెండు కలల్లో ఏది సరైనదని ఆమెను నేను గట్టిగానే అడిగాను.

“నీలల్లో సెయ్యెట్టి కూకోండి బాబూ” అన్నారామె.

కూర్చున్నాను. ముందురోజు వాన కురిసింది, మడుగు ఎర్రగా ఉంది, నా చేయి నాకే కనిపించలేదు. విసుగొచ్చింది, లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. చాలాసేపటికి వేళ్ళు కనిపించాయి. ఏ కల సరైనదో మాత్రం తేలలేదు. లేచి చూస్తే, కింద సూరీడమ్మ మడిలో ఈ ఏటి నారు మొలిచి ఉంది.