‘మెల్లగా’ అనలేని ముంగిస

దెబ్బంటే నాకు భయం. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ పైకి అనలేదు.

పిల్లలూ, మీరు నన్ను కర్రసాము అక్క అంటారు. నేను మేడ మీద కర్ర తిప్పుతుంటే పిట్టగోడ పక్కన కూర్చుని ఈలలు వేస్తారు. ఆ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. ఫోన్లో వీడియోలు చూసి, తీగ మీద ఆరేసిన దుప్పట్లని కొట్టి కొట్టి నేర్చుకున్నాను. దుప్పట్లు తిరిగి కొట్టవు కదా. అందుకే ఇవాళ కర్ర పక్కన పెట్టేశాను. కథ చెప్తాను, వినండి.

అనగనగా ఒక కొండ. కొండ కింద అడవి. అడవిలో ఒక ఎండిపోయిన వాగు. ఆ వాగు ఇసుకలో ముంగిసల బరి ఉండేది. బరి అంటే పోరు నేర్చుకునే చోటు.

అక్కడ గురువు బూడిదవ్వ. ముసలి ముంగిస. తోక సగమే ఉండేది. ఆ మిగతా సగం ఏమైందని అడిగితే రోజుకో కథ చెప్పేది. ఆవిడ నేర్పే విద్య మాత్రం ఒక్కటే. తాచుపాము మీదికొస్తే తప్పుకోవడం. మళ్ళీ తప్పుకోవడం. పాముకి విసుగొచ్చి పోయేదాకా తప్పుకోవడం.

“మరి కరవడం ఎప్పుడు నేర్పుతావవ్వా?” అని కుర్ర ముంగిసలు అడిగేవి.

“పళ్ళు మీ అమ్మ ఇచ్చి పంపింది కదరా. వాటికి నేనెందుకు?” అనేది అవ్వ.

పాము లేకుండా పాముతో పోరు ఎలా వస్తుంది? అందుకు పొడుగయ్య మామ ఉన్నాడు. ఆయన జెర్రిపోతు. విషం లేని పాము. వానాకాలం తలదాచుకోమని ముంగిసలు తమ కలుగులో ఆయనకో పొడి గది ఇచ్చాయి. బదులుగా ఆయన రోజూ పొద్దున్నే బరిలోకి వచ్చేవాడు. మెడ ఉబ్బించి, తాచులాగే బుసకొట్టి పిల్లల మీదికి దూకేవాడు. కానీ పన్ను తగలనిచ్చేవాడు కాదు. ముక్కుతో ఇలా పొడిచేవాడు, అంతే. పిల్లలు కూడా ఆయన్ని కరవకూడదు.

ఆ బరిలో ఒక పద్ధతి ఉంది. మామ ఎదుట నిలబడ్డవాళ్ళు ముందు ఒక మాట చెప్పాలి. ‘మెల్లగా’ అంటే మామ మెల్లగా వస్తాడు. ‘జోరుగా’ అంటే జోరుగా వస్తాడు. ఎవరి మాట వాళ్ళిష్టం. కాకలు తీరిన పెద్ద ముంగిసలు కూడా ఒంట్లో బాగోలేని రోజు “ఇవాళ మెల్లగా రా మామా” అనేవి.

వాగుకి అవతలి ఒడ్డున చిటికి అనే ఆడ ముంగిస ఉండేది. నా అన్నవాళ్ళు లేరు. ఒక్కచోట కాలు నిలిచేది కాదు. రోజూ తంగేడు పొదలో దాక్కుని బరిని చూసేది. చూసింది చూసినట్టు వేలాడే తీగ ముందు చేసేది. తీగ ఊగితే ఎగిరేది, పక్కకి దూకేది, గిర్రున తిరిగేది. తీగ ముఖానికి తగిలినా నొప్పి పుట్టదు. అలా తనకి అంతా వచ్చేసిందనుకుంది.

ఒకరోజు ధైర్యం చేసి వాగు దాటి, నాకూ పోరు వచ్చు అంది.

“ఏదీ, ఒకసారి చెయ్యి చూద్దాం,” అంది బూడిదవ్వ.

చిటికి ఎగిరి, దూకి, తిరిగి చూపించింది. పిల్లలందరూ నోరు తెరిచారు.

“ఎవరు నేర్పారే?”

“ఎవరూ లేరవ్వా. మిమ్మల్ని చూసి, తీగతో నేర్చుకున్నా.”

“కళ్ళు నేర్చుకున్నాయన్నమాట. మంచిదే. ఇక ఒళ్ళు నేర్చుకోవాలి. రేపట్నుంచి రా.”

చిటికి మనసులో ఒకే కోరిక ఉండేది. కలుగు వాకిట్లో కాపలా కాసే ముంగిస కావాలని. కాపలావాళ్ళు రాత్రిళ్ళు కలుగులో అందరి మధ్యా వెచ్చగా పడుకుంటారు. తను పొదలో ఒక్కతే ముడుచుకు పడుకోవాలి. కాపలా పని దొరికితే తనకీ అక్కడ చోటు దొరుకుతుందని ఆశ.

మర్నాడు బరిలో ముందుగా గుండడు నిలబడ్డాడు. పేరుకి తగ్గ పొట్ట.

“మెల్లగా రా మామా. పొద్దున్నే గుడ్లు కాస్త ఎక్కువ లాగించాను,” అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. గుండడూ నవ్వాడు. వాళ్ళు నవ్వింది గుడ్ల మాటకి. చిటికి మాత్రం ‘మెల్లగా’ అన్నందుకు నవ్వారనుకుంది. నన్ను చూసి ఎవరూ అలా నవ్వకూడదు అనుకుంది.

తన వంతు వచ్చింది. “జోరుగా!” అంది.

పొడుగయ్య మామ లేచాడు. మెడ ఉబ్బింది. బుస్సుమన్నాడు. తీగ ఎప్పుడైనా బుసకొట్టిందా? చిటికి కళ్ళు వాటంతట అవే మూసుకుపోయాయి. గుడ్డిగా పక్కకి దూకింది. అదృష్టం బాగుండి మామ ముక్కు ఇసుకలో గుచ్చుకుంది.

“అబ్బో, తీగపిల్ల గట్టిదేరోయ్!” అన్నాడు గుండడు.

రెండో రోజూ “జోరుగా!” అంది. రెండో రోజూ కళ్ళు మూసుకుంది. అదృష్టం మళ్ళీ కాపాడింది.

మూడో రోజు కాపాడలేదు. కళ్ళు మూసుకుని దూకితే సరాసరి మామ మెడ మీదే పడింది. మామ తల ఇసుకలో వాలిపోయింది. కాళ్ళ కింద చల్లగా, నున్నగా ఏదో కదిలింది. భయంతో నోటికి అందింది గట్టిగా కరిచి పట్టుకుంది.

“పళ్ళు తియ్యమ్మా,” అన్నాడు మామ మెల్లగా. “తియ్యి. ఏం కాదు.”

ఇసుక మీద రక్తం పడింది. అవ్వ తను కూర్చున్న రాయి మీంచి దిగి వచ్చింది.

“చిటికీ, కావాలని కరిచావా? పొరపాటున జరిగిందా?”

కుర్ర ముంగిసలన్నీ చిటికినే చూస్తున్నాయి. మామని పడగొట్టినవాళ్ళని అవి ఇంతవరకు చూడలేదు. వాటి కళ్ళు మెరుస్తున్నాయి. ‘భయమేసింది అవ్వా, కళ్ళు మూసుకున్నాను’ అనే మాట చిటికి గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

“సందు దొరికింది, పట్టేశానవ్వా,” అంది.

“కరవకూడదని తెలుసా?”

“తెలుసు. ఇంకెప్పుడూ కరవను.”

అవ్వ పాము వైపు తిరిగింది. “పొడుగయ్యా, నువ్వేమంటావు?”

“నేననేదేముంది. పిల్ల చెప్పింది కదా,” అన్నాడు మామ. మెడ వాల్చుకుని కలుగులోని తన గదికి పాకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు బరికి రాలేదు.

తొలకరి మొదలైంది. తిండికి దూరం వెళ్ళాల్సిన రోజులు. పెద్దవాళ్ళందరూ బయల్దేరుతూ, మామని పడగొట్టింది కదా అని చిటికిని కలుగు వాకిట్లో కాపలా పెట్టారు. లోపల ఇంకా కళ్ళు తెరవని పిల్లలున్నాయి. గుండడు కాస్త దూరంలో పురుగుల కోసం నేల తవ్వుకుంటున్నాడు.

మధ్యాహ్నం వాన జోరందుకుంది. గడ్డి కదిలింది. తాచు వచ్చింది. దాని పుట్టలోకి నీళ్ళొచ్చాయి. దానికి పొడి చోటు కావాలి, ఆకలి కూడా వేస్తోంది.

“తప్పుకో,” అంది తాచు. పడగ విప్పింది.

చిటికి కళ్ళు మూసుకుపోయాయి. దూకింది. ఎటు దూకిందో తనకే తెలియదు. కళ్ళు తెరిచేసరికి ముళ్ళకంపలో ఉంది. కలుగు వాకిలి ఖాళీగా ఉంది. తాచు తల అప్పటికే లోపల దూరింది. పిల్లలు కీచుమంటున్నాయి.

“గుండన్నా!” అని అరిచింది.

గుండడు పొట్టూపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. వెనక నుంచి తాచు తోక మీద కాలితో ఒక్కటిచ్చాడు. తాచు సర్రున బయటికి తిరిగి కాటు వేసింది. గుండడు తప్పుకున్నాడు. మళ్ళీ వేసింది. మళ్ళీ తప్పుకున్నాడు. అతని కళ్ళు దాని తల మీంచి కదల్లేదు. చాలాసేపటికి తాచుకి ఆయాసం వచ్చింది. “ఛీ, వీడితో తెల్లారేలా లేదు,” అని గడ్డిలోకి జారిపోయింది.

గుండడు బురదలో చతికిలబడ్డాడు. ప్రాణం లేచొచ్చినట్టు ఊపిరి పీలుస్తూ అడిగాడు. “ఏమైందే నీకు? మామనే పడగొట్టిందానివి!”

చిటికి తల వంచుకుంది. సాయంత్రం పెద్దవాళ్ళు వచ్చారు. సంగతి విన్నారు. “ఇకనుంచి కాపలా గుండడిది,” అంది అవ్వ. అంతకుమించి ఒక్క మాటా తిట్టలేదు.

చిటికి వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళేముందు పొడుగయ్య మామ గదికి వెళ్ళింది.

“మామా, నేను వాగు అవతలికి పోతున్నా. పోయేముందు ఒకటి చెప్పాలి. నేను నిన్ను పడగొట్టలేదు. నాకు భయమేసింది. కళ్ళు మూసుకున్నాను.”

“తెలుసమ్మా. నువ్వు కరిచినప్పుడు నీ రెప్పలు నా మెడకి తగిలాయి. గట్టిగా మూసుకుని, వణుకుతున్నాయి.”

“మరి అవ్వకి ఎందుకు చెప్పలేదు?”

“చెప్పాల్సింది. నువ్వే చెప్తావులే అని ఊరుకున్నాను. ఇవాళ పిల్లలు కీచుమంటుంటే ఈ మెడతో తాచుని ఎదిరించలేక ఇక్కడే పడున్నాను. నా తప్పూ ఉందని అప్పుడు తెలిసింది.”

చిటికి ఏడ్చింది. గది బయట నిలబడి అంతా విన్న బూడిదవ్వ తల లోపలికి పెట్టింది.

“ఎక్కడికే ప్రయాణం?”

“పొదకి. కాపలా పోయింది కదవ్వా. ఇక ఇక్కడ నాకు చోటు లేదుగా.”

“కాపలాకీ పడకకీ ముడి ఎవరు పెట్టారే? బరికి వచ్చేవాళ్ళందరూ ఈ కలుగులోనే పడుకుంటారు. నువ్వు రోజూ అడగకుండా వెళ్ళిపోతుంటే, పొగరుబోతు పిల్ల, మనతో ఉండటం ఇష్టం లేదేమో అనుకున్నాం.”

చిటికి ఏడుపు ఆపి తల ఎత్తింది.

“ఉండాలనుంటే ఉండొచ్చు,” అంది అవ్వ. “కానీ పొద్దున బరిలో, అందరి ముందూ, నీ మాట నువ్వే చెప్పాలి.”

ఆ రాత్రి చిటికి గుండడి వీపుకి ఆనుకుని పడుకుంది. నిద్ర మాత్రం సరిగ్గా పట్టలేదు.

తెల్లారింది. వాన వెలిసింది. పొడుగయ్య మామ ఇసుకలో చుట్ట చుట్టుకుని కూర్చున్నాడు. చిటికి ఎదురుగా నిలబడింది. అందరూ ‘జోరుగా’ అంటుందనే చూస్తున్నారు.

“నాకు భయం,” అంది చిటికి. మళ్ళీ అంది. “మెల్లగా రా మామా.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చిటికి తిరిగి చూడలేదు.

మామ మెల్లగా తల ఎత్తాడు. మెల్లగా మెడ ఉబ్బించాడు. మెల్లగా ముందుకి వచ్చాడు. చిటికి రెప్పలు వాలబోయాయి. వాటిని బలవంతంగా ఎత్తి పట్టుకుంది. మామ గొంతు కింద పసుపు రంగు కనిపించింది. నాలుక ఆడటం కనిపించింది. ముక్కు దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. తప్పుకోవడం మర్చిపోయి చూస్తూనే ఉంది. మామ ముక్కు వచ్చి తన ముక్కుకి టక్కున తగిలింది.

“తగిలింది!” అని గెంతింది చిటికి. “అవ్వా, తగిలింది! తగలడం నేను చూశాను!”

బూడిదవ్వ రాయి మీంచి తల ఊపింది. “ఇదీ మొదటి పాఠం. మళ్ళీ నిలబడు.”

నీతి: భయముందని చెప్పుకోగలిగినవాళ్ళకే పోరు అబ్బుతుంది. దాచుకున్న భయానికి మనల్ని నమ్ముకున్నవాళ్ళు దెబ్బ తింటారు.

కథ అయిపోయింది, ఇక ఇళ్ళకి పొండి. అవతలి పేటలో ఆడపిల్లలకి కర్రసాము నేర్పే నూకరత్నం గారని ఒకావిడ ఉన్నారు. నెంబరు సంపాదించి చాలా రోజులైంది. నాకు ఎదురుగా నిలబడే మనిషి కావాలని అడగడానికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.