ఎస్తేరు రాసిన రెండు చీటీలు

ఎస్తేరుకు రెండు నెలలుగా ఒకటే బాధ. కింద మంట, దురద, నీచు వాసన. ఆడపిల్ల నలుగురిలో చెప్పుకునే బాధ కాదాయె. పైగా తను పనిచేసే కొండకింది ఆసుపత్రిలో శుభ్రతకు పెట్టింది పేరు. అలాంటిది తన ఒంటికే ఇలాగైతే తల ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే పొద్దునా సాయంత్రం, పుండ్లు కడిగే మందునీళ్లతో లోపలిదాకా కడుక్కునేది. కడిగినకొద్దీ మంట ఎక్కువైంది. ఎక్కువైనకొద్దీ ఇంకా కడిగింది, పిచ్చిపిల్ల.

చివరికి ఉండబట్టలేక డాక్టరు చదివిన సన్యాసిని, సిస్టర్ అగస్తీనమ్మ దగ్గర నోరు విప్పింది. ఆవిడ దగ్గరే ల్యాబు పని నేర్చుకుంటోంది.

"పూర్తిగా శుభ్రం కావాలంటే ఇంకా ఏం వాడాలి సిస్టర్?"

 సిస్టర్ మాటల్లో మహా పొదుపు. పరీక్ష చేసి, దూదిపుల్లతో నమూనా తీసుకుంది. తర్వాత ఆసుపత్రి వంటమనిషి బుల్లెమ్మను పిలిచి, ఆమెనూ నమూనా అడిగింది. బుల్లెమ్మకు ముప్పై ఏళ్లు. జలుబు తప్ప మరో రోగం ఎరగదు.

"నాకేం రోగమొచ్చిందని సిస్టరమ్మా?"

"రాలేదనే."

బుల్లెమ్మ నవ్వుకుంటూ ఇచ్చి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే రంగు వేసి ఆరబెట్టిన రెండు స్లైడులు ఎస్తేరు ముందు పెట్టింది సిస్టర్. పేర్లు కనబడకుండా కాగితం అంటించి ఉంది.

"చూసి, ఏ మనిషికి ఏం చెయ్యాలో రెండు చీటీలు రాయి."

ఎస్తేరు అప్పటిదాకా మైక్రోస్కోపులో మలేరియా వాళ్ల రక్తం తప్ప ఇంకేమీ చూసింది కాదు. మొదటి స్లైడు నిండా ఊదారంగు పుల్లల్లాంటి సూక్ష్మజీవులు, ఇసకేస్తే రాలనట్టు. ముక్కు చిట్లించింది. రెండోదాంట్లో ఒక్క పుల్లా లేదు. కణాల మీద సన్నటి నలుసులేవో అతుక్కుని ఉన్నాయి గానీ, రంగు సరిగా కడగలేదేమో అనుకుంది.

మొదటి చీటీ మీద "నిండా క్రిములు. రోజుకు రెండుసార్లు మందునీళ్లతో లోపల కడగాలి" అని రాసింది. రెండో చీటీ మీద "చాలా శుభ్రం. మందు అక్కర్లేదు" అని రాసి, తృప్తిగా అందించింది.

సిస్టర్ కాగితాలు ఊడదీసింది. మొదటిది బుల్లెమ్మది. రెండోది ఎస్తేరుది.

ఎస్తేరు తన చేతిరాతనే మళ్లీ మళ్లీ చదువుకుంది. మందు అక్కర్లేదట. స్టూలు మీద సరిగ్గా కూర్చోనివ్వని మంట మాత్రం అలాగే ఉంది. సిగ్గుతో ముఖం ఎర్రబడింది.

"మరి ఆ పుల్లలు?" అంది మెల్లగా.

"పాలను పెరుగు చేసే క్రిములకు చుట్టాలు. అవి అక్కడ పులుపు పుట్టిస్తూ ఉంటే చెడ్డవాటికి చోటు దొరకదు. నీ స్లైడులో నలుసులు ఆ చెడ్డవే."

"నాకు మొదటినుంచీ లేవేమో సిస్టర్."

"ఉండేవి."

ఎస్తేరు కళ్లలో నీళ్లు తిరిగాయి. సిస్టర్ ఆ పిల్ల భుజం తట్టి, వారానికి సరిపడా మందు తనే రాసింది. పైపైన మామూలు నీళ్లు చాలంది. ఇన్నాళ్లకు ఎస్తేరు గుండె తేలికపడింది. తనకు ఏదో మాయరోగం రాలేదు, అంతే చాలు.

"అవి మళ్లీ వస్తాయా? రావాలంటే ఏం చెయ్యాలి?"

సిస్టర్ తర్వాతి రోగి కోసం లేస్తూ అంది:

"చెయ్యడం ఆపెయ్యి."