అడవినాభి ఆకు కొస

తూర్పు కొండల్లోని ఒక గూడెంలో జోగిరెడ్డి అనే ఆయన ఉండేవాడు. అడవి దుంపలు తవ్వడంలో గట్టివాడే గానీ, తను చూసినదాన్ని మరొకరు సరిచూస్తామంటే అతనికి ఒళ్ళు మండేది.

ఆ గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. దుంప తవ్వినవాడు దాని తీగ ముక్కను కూడా ఇంటికి తేవాలి. ఇంట్లో పెద్దావిడ తీగ చూడనిదే ఎవరికీ వడ్డించరు. ముక్కలై మట్టి పూసుకున్నాక ఏ దుంపైనా ఒక్కలాగే ఉంటుంది మరి.

మాఘమాసంలో ఒకనాడు జోగిరెడ్డి ఎండుతీగలు కోసి అక్కడే వదిలేసి, బుట్టెడు దుంపలు తెచ్చాడు. భార్య గంగమ్మ వాటిని చెక్కి ఉడకేసింది. ఆ ఇంటి పెద్దావిడ, జోగిరెడ్డి అత్త పోచమ్మ మాత్రం తీగ ఏదని అడిగింది.

"ఇరవై ఏళ్ళుగా తవ్వుతున్నాను. నేనూ తీగ చూపించాలా అత్తా?" అన్నాడు జోగిరెడ్డి.

"నువ్వు తవ్వగలవని నాకు తెలుసు అల్లుడా. ఏం తవ్వావో తీగే చెప్పాలి," అంది పోచమ్మ.

తీగలు తెచ్చి చూపించి ఆమె నోరు మూయించాలనే జోగిరెడ్డి మళ్ళీ కొండకు బయలుదేరాడు. ఐదేళ్ళ కూతురు చిలకమ్మ ఆకలని ఏడుస్తోంది. పిల్లకు మాత్రం ఒక ముక్క పెట్టమని భార్యకు గట్టిగా చెప్పి గడప దాటాడు.

తవ్విన గోతుల పక్కనే తీగలు ఉన్నాయి. మొదటి తీగ కొమ్మను మెలికలుగా చుట్టుకుని ఉంది. అది తినే దుంపదే. రెండోదీ అంతే. జోగిరెడ్డి మీసం మీద చెయ్యేసుకుని మూడోది లాగాడు. ఆ తీగ దేన్నీ చుట్టుకోలేదు. ఎండిన ఆకుల కొసలే సన్నటి కొక్కేల్లా వంగి కొమ్మను పట్టుకున్నాయి. ఆకు కొసతో పాకేది ఆ కొండ మీద ఒక్క అడవినాభే. వానాకాలంలో దాని పూలు అక్కడే చూశాడు కూడా. రేకలన్నీ పైకి తిరిగి, అడుగున పసుపు, కొసన ఎరుపుతో పొయ్యిలో మంటలా ఉండేవి. దాని దుంప ఎంత ఉడికినా విషమే.

జోగిరెడ్డి ఆ తీగ ముక్క తెంపాడు. తీగ చేతపట్టుకుని కొండ దిగి పరుగెత్తాడు. పిల్ల నోట్లో ముక్క పడిందా లేదా అన్నది తప్ప అతనికి మరో ధ్యాస లేదు.

ఇంట్లో పోచమ్మ కుండ మూత మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. చిలకమ్మ ఏడ్చి ఏడ్చి ఆమె ఒళ్ళోనే నిద్రపోయింది. గంగమ్మ పెట్టబోతే ముసలావిడ పెట్టనివ్వలేదట.

జోగిరెడ్డి తీగను అత్త ముందు పెట్టాడు. ఆమె ఆకు కొసను తడిమి చూసి, కుండ తీసుకెళ్ళి పెరట్లో పాతిపెట్టింది. ఆ పూట ఇంటిల్లిపాదీ అంబలి తాగారు. కూతురికి తాగిస్తూ జోగిరెడ్డి ఏడ్చాడు. అది మొదలు అతను ఎవరూ అడగకుండానే తీగ తెచ్చి అత్త చేతికి ఇచ్చేవాడు.

మనకు ఎంత తెలిసినా, మరొకరు సరిచూస్తామంటే చూపించాలి. అది మనకు అవమానం కాదు, మనవాళ్ళకు రక్ష.