ప్రశస్తి పూర్తిగా విన్న మహారాజు

వినేవాళ్లు ఊ కొట్టడం మాననందువల్ల చెప్పేవాళ్లు కథ ఆపలేని కాలంలో, ఒకానొక రాజ్యంలో, హేమకూటమనే మహానగరం ఉండేది. ప్రతాపకేసరి అనే మహారాజు దానిని ఏలుతుండేవాడు. ఆయన కొలువులో విస్సన్న అనే ఆస్థానకవి ఉండేవాడు.

విస్సన్న పొట్ట పెద్దది, కంఠం పెద్దది, పద్యం మరీ పెద్దది. తన కవిత్వం మీద అతనికి ఏ భ్రమలూ లేవు. "మా సూరమ్మకు నిద్ర పట్టకపోతే వైద్యుణ్ణి పిలవదు, నన్నొక పద్యం చదవమంటుంది" అని భార్య మాట తానే నలుగురిలో చెప్పి నవ్వించేవాడు.

అటువంటి కవి కొలువులో నిలవడానికి కారణం ఒక ఆచారం. కవి మొదటి పద్యం ముగించగానే మహారాజు కుడిచేయి పైకెత్తేవాడు. మెచ్చాము, ఇక చాలునని దానికి అర్థం. సభ అంతా "భళీ" అనేది, కవి కూర్చునేవాడు. ఆ విధంగా విస్సన్న రచించిన ప్రశస్తిలో మొదటి పద్యం తప్ప మిగిలినది మహారాజు ఏనాడూ వినలేదు. ఆ చేతి చలవ వల్లనే తన ఇంట పొయ్యి వెలుగుతున్నదని విస్సన్నకు బాగా తెలుసు.

హేమకూటాన్ని చూడడానికి దేశదేశాల నుండి యాత్రికులు వచ్చేవారు. వారి కోసం మహారాజు రాజవీధి పొడవునా వింతలు కట్టించాడు. గుర్రం మీద మహారాజు, ఏనుగు మీద మహారాజు, సింహాసనం మీద మహారాజు, ఆఖరున మహారాజు పాదుకలకు ఒక అద్దాల మేడ. యాత్రికుడన్నవాడు ప్రతిచోటా చెప్పులు విడిచి నిలబడి, విస్సన్న చదివే ప్రశస్తిని చివరిదాకా వినాలి. కూర్చోరాదు, నవ్వరాదు, నీళ్లు అడగరాదు. విన్నవారి ముంజేతి మీద భటుడు చందనపు ముద్ర వేసేవాడు. ముద్రలన్నీ పడితేనే సత్రంలో భోజనం.

ముద్ర తడి ఆరకముందే యాత్రికులు ఏటి ఒడ్డుకు పరుగెత్తేవారు. అక్కడ సాయంకాలపు సంత. రంగులరాట్నం, గడసాము, నీటిలో గిరగిర తిరిగే పుట్టి అనే గుండ్రటి పడవలో షికార్లు, మూకుట్లో పొంగే బూరెలు. అన్నిటికీ మించి బయ్యమ్మ అనే ముసలామె ఆడించే తోలుబొమ్మలు.

ఆ బొమ్మలలో ఒక కవి ఉండేవాడు. తెర మీదికి ముందు పొట్ట వచ్చేది, కొంతసేపటికి కవి వచ్చేవాడు. అది ఎవరో విస్సన్న తొలినాడే గుర్తుపట్టాడు. "బయ్యమ్మా, పొట్టకు రంగు చాలలేదు. ఇంకొంచెం ఎరుపు పెట్టు" అని కూడా చెప్పాడు. తనను చూసి తాను నవ్వుకోవడానికి ప్రతి సాయంత్రం వెళ్లి ఇసుకలో కూర్చునేవాడు.

ఒకనాడు ఆ నవ్వులు మేడ మీద ఉన్న మహారాజు చెవిన పడ్డాయి. మరునాడు కొలువులో ఆయన కనుబొమలు ముడిచాడు.

"విస్సన్నా, ఏటి ఒడ్డున యాత్రికులు ఎవరిని చూసి అంతగా ఆనందిస్తున్నారు?"

"నన్ను చూసి, ప్రభూ."

"మా విగ్రహాలకోసం వచ్చినవారు నీ పొట్టను చూసి ఆనందించడమా! ఉగాదిలోగా ఆ సంతను ఎత్తివేయాలి. అక్కడ పుట్టి మీద మా విగ్రహం నిలుపుతాము. దానికొక ప్రశస్తి రాయి."

ఆ మధ్యాహ్నమే బయ్యమ్మ బొమ్మల పెట్టె నెత్తిన పెట్టుకొని విస్సన్న ఇంటికి వచ్చింది.

"ఎక్కడికి పోను, అయ్యగారూ? ఊరూరా తిరిగే ఓపిక ఎప్పుడో పోయింది. ఈ ఏటి ఒడ్డు తప్ప నాకు ఇల్లు లేదు, వాకిలి లేదు. మీ మాట రాజుగారు వింటారు గదా, ఒక్కమాట చెప్పకూడదా?"

"నా మాటా? మొదటి పద్యం వరకే వింటారు, బయ్యమ్మా" అన్నాడు విస్సన్న దిగులుగా.

అన్నవాడు అక్కడే ఆగిపోయాడు. మెల్లగా అతని పొట్ట కదిలింది. నవ్వు అతనికి ఎప్పుడూ అక్కడినుండే మొదలయ్యేది.

మరునాడు అతను మహారాజుకు నమస్కరించి, "ప్రభూ, యాత్రికులకు రసజ్ఞత తక్కువ. తమంతటివారు మారువేషంలో యాత్రికులై నడిచి ముద్రలన్నీ వేయించుకుంటే, ఈ నగరానికి ఆ విగ్రహాల వినోదమే చాలునని రుజువవుతుంది. అప్పుడు సంతతో పాటు నా పదవిని కూడా ఎత్తివేయండి" అన్నాడు.

"ముద్రలు పడకపోతే?"

"సంత ఉండిపోవాలి."

మహారాజు మీసం దువ్వాడు. "మమ్మల్ని చూసి మేమే విసుగుతామా! పద."

ఎండ ఇంకా దిగలేదు. షావుకారు వేషంలో ఉన్న మహారాజు గుర్రపు విగ్రహం ముందు చెప్పులు విడిచి, కాలుతున్న బండల మీద నిలబడ్డాడు. విస్సన్న గొంతు సవరించుకున్నాడు. శత్రువుల మీద కూడా ఎవరూ ప్రయోగించడానికి సాహసించని ఆయుధం అతని వద్ద ఒకటుంది. తన సంపూర్ణ ప్రశస్తి. దానిని తీశాడు.

మొదటి పద్యం ముగిసింది. అలవాటు చొప్పున మహారాజు కుడిచేయి పైకెత్తాడు. విస్సన్న రెండవ పద్యం అందుకున్నాడు.

"ఓయ్ షావుకారూ, చెయ్యి దించు! కాకుల్ని తోలుతున్నావా?" అన్నాడు భటుడు.

పద్యాలు సాగాయి. గుర్రం చెవులు, గుర్రం మెడ, గుర్రం జూలు. తోక దగ్గర ఎలా ఆపాలో రాసేనాడు తెలియక విస్సన్న మళ్లీ ముక్కు దగ్గర మొదలుపెట్టి ఉన్నాడు. ఇప్పుడు అక్కడికే వచ్చాడు.

మహారాజు ఒక కాలు ఎత్తి రెండవ కాలు మీద నిలబడ్డాడు. పద్యానికీ పద్యానికీ నడుమ కవి చెవిలో, "ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు.

"తమరింకా గుర్రం ఎక్కలేదు, ప్రభూ."

"యుద్ధమో?"

"అది ఏనుగు దగ్గర."

మహారాజు తన విగ్రహపు అరుగు మీదనే కూలబడబోయాడు. భటుడు బల్లెం అడ్డం పెట్టాడు. "లే, లే! కూర్చోరాదని రాజాజ్ఞ."

"కాసిని మంచినీళ్లైనా..."

"ప్రశస్తి అయ్యాకే. అదీ రాజాజ్ఞే."

"ఈ ఆజ్ఞ వేసినవాడికి కాళ్లు లేవా?"

"ఎందుకుండవు? చివర్లో వాటి పాదుకలు చూస్తావుగా!"

అప్పుడే ఏటి వైపు నుండి గాలి తిరిగింది. డప్పుల మోత, బూరెల కమ్మని వాసన, జనం పగలబడి నవ్వే నవ్వు, అన్నీ కలిసి వచ్చాయి. విస్సన్న కళ్లు మూసుకొని పెద్ద పద్యం ఎత్తుకున్నాడు. కళ్లు తెరిచేసరికి బండ మీద చెప్పులున్నాయి, షావుకారు లేడు. తన కవిత్వం ఒక మనిషిని ఇంతగా కదిలించడం విస్సన్న జీవితంలో మొదటిసారి చూశాడు. అతని కళ్లు చెమర్చాయి.

అతను ఆయాసపడుతూ ఏటి ఒడ్డు చేరేసరికి, మహారాజు పుట్టిలో గిరగిర తిరుగుతున్నాడు. తలపాగా చెవి మీదికి జారింది. రెండు చేతుల్లోనూ బూరెలున్నాయి. పుట్టి దిగి తూలుతూ వెళ్లి బొమ్మలాట ముందు ఇసుకలో చతికిలబడ్డాడు. విస్సన్న వెనుకగా కూర్చున్నాడు.

తెర మీదికి పొట్ట వచ్చింది. ఆ తరువాత కవి వచ్చి పద్యం అందుకున్నాడు. పక్కనున్న గాడిద బొమ్మ నాలుగు కాళ్లూ చాపి పడుకుంది.

"ఏమే గాడిదా, బరువు మొయ్యకుండా పడుకున్నావేం?" అని తెర వెనుక నుండి బయ్యమ్మ గద్దించింది.

"మూటలైతే మోస్తానమ్మా. ఇది రెండో పద్యం!"

మహారాజు కన్నీళ్లు వచ్చేలా నవ్వాడు. ఆయన కంటే గట్టిగా విస్సన్న నవ్వాడు. ఆట ముగిశాక మహారాజు తెర దగ్గరికి వెళ్లాడు.

"ఏమమ్మా, నీ దగ్గర రాజు బొమ్మ లేదా?"

బయ్యమ్మ ఆయన్ను గుర్తించలేదు. "లేదయ్యా. ఆయన బొమ్మను చూసి నవ్వకూడదట గదా. నవ్వకూడని బొమ్మను ఆడించి ఏం చేసుకోను?"

మహారాజు ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఇందరు కలిసి నవ్వే చోట తనకు మాత్రమే తావు లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. వెనక్కు తిరిగి విస్సన్నను చూశాడు.

"కవీ! కావాలనే మాకు ప్రశస్తి మొత్తం వినిపించావు."

"యాత్రికులు రోజూ వినేది అదే, ప్రభూ. ఒక్క మాట కలపలేదు. కలిపి మెప్పించే శక్తి ఉంటే మంచి కవినయ్యేవాణ్ణి."

ప్రభూ అన్న మాట విని జనం లేచి నిలబడ్డారు. బయ్యమ్మ చేతిలోని బొమ్మ ఇసుకలో పడింది.

"ఇటువంటి కవిత్వాన్ని మేము ఇంతకాలం ఎలా మెచ్చుకున్నాము?" అన్నాడు మహారాజు.

"తమరి చేయి తొందరపడేది, ప్రభూ. నా అదృష్టమంతా ఆ చేతిలోనే ఉండేది."

మహారాజు పెదవి బిగించాడు. "అయినా మేము పందెం ఓడామనడానికి సాక్షి ఎవరు?"

అంతలో జనాన్ని తోసుకుంటూ, చేతిలో ఒక జత చెప్పులతో భటుడు రొప్పుతూ వచ్చాడు. "ఓ షావుకారూ! చెప్పులొదిలేసి పారిపోతావా? నీకు ఒక్క ముద్రా పడలేదు. సత్రంలో అన్నం పెట్టరు, చూసుకో!"

మహారాజు తన ఖాళీ ముంజేతిని చూసుకున్నాడు. పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వడం చూసి జనం ధైర్యం చేశారు.

సంత అక్కడే ఉండాలన్నాడు మహారాజు. విగ్రహాల వద్ద పందిళ్లు వేసి, అరుగులు కట్టి, చల్లని నీళ్లు పెట్టాలనీ, ప్రశస్తి మొదటి పద్యంతో ఆపాలనీ ఆజ్ఞాపించాడు. బయ్యమ్మకు ఏటి ఒడ్డునే ఇల్లు ఇప్పించాడు. షావుకారు అంగీ లోపల దాచుకున్న తన రత్నహారాన్ని తీసి విస్సన్న మెడలో వేశాడు.

"బయ్యమ్మా, రేపటికల్లా మా బొమ్మ కూడా తెర మీదికి రావాలి. మహారాజులం గనుక దాని పొట్ట ఈ కవి పొట్ట కంటే పెద్దదిగా ఉండాలి."

విస్సన్న చేతులు జోడించాడు. "ప్రభూ, హారం తిరిగి తీసుకోండి, పదవి తీసుకోండి. నేను స్వయంగా సంపాదించుకున్నది ఈ పొట్ట ఒక్కటే. దాని మీదికి మాత్రం దండెత్తకండి."

మహారాజు మళ్లీ పగలబడి నవ్వి, అలవాటు చొప్పున కుడిచేయి పైకెత్తాడు.

ఈ కథను నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ, కోరాడ జగదాంబగారు. ఆ ప్రశస్తి మొత్తం తనకు కంఠతా వచ్చునని ఆమె అనేది. చదవమని మాత్రం మేమెవ్వరమూ ఆమెను ఎన్నడూ అడగలేదు.